పసిబిడ్డ నిద్ర - ఎవరి జాగరణ?

నిద్ర శరీరధర్మమనీ, దానికి చరిత్రతోగాని నీతితోగాని నిమిత్తం లేదనీ మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. ఆకలి గురించి మన రచయితలు కథలు రాశారు, గేయాలు రాశారు, సిద్ధాంత చర్చలు చేశారు. ఆకలి వెనక భూమి వుందనీ, కూలిరేటు వుందనీ, ధాన్యం కొట్టుకు తాళం వేసుకున్న వ్యాపారి వున్నాడనీ చూపించటం అభ్యుదయ సాహిత్యం చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆకలి రుచి ఎరగదనే సామెత దగ్గర మనం ఆగిపోలేదు. ఎవరి ఆకలి, ఎందుకు ఆకలి అని అడిగాం. అదే సామెతలో రెండో సగం నిద్ర సుఖమెరగదని చెబుతుంది. ఆ సగాన్ని మనం అంతగా ప్రశ్నించినట్టు కనబడదు.

నేను తీసుకున్న ప్రశ్న పైకి మరీ చిన్నది. పుట్టిన బిడ్డ నిద్ర మొదటి ఏడాదిలో ఒక క్రమానికి ఎలా వస్తుంది? ఆ క్రమం వచ్చేలోగా రాత్రిళ్ళు ఎవరు మేలుకోవాలి? మొదటిది శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న, రెండోది నీతికి సంబంధించినది. మొదటి ప్రశ్నకు తప్పు జవాబు చెప్పేవారు రెండోదానికి కూడా తప్పు జవాబే చెబుతారన్నది నా వాదం. సంఘం సమావేశంలో ఈ మాట అన్నప్పుడు ఒక మిత్రుడు, ఇది పిల్లల డాక్టరుతో మాట్లాడుకోవలసిన విషయంగాని పత్రికలో చర్చించదగింది కాదన్నారు. ఆయనకు ఇద్దరు పిల్లలు. పసితనంలో వాళ్ళు రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేచేవారో గుర్తులేదని కూడా ఆయనే చెప్పారు.

శాస్త్రం చెప్పేది ముందు చూద్దాం. మొదటి మూడునెలల్లో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో వుంది. ఇంచుమించు రోజులో మూడింట రెండు వంతులన్నమాట. అంతసేపు నిద్రపోయే ప్రాణి పక్కన పెద్దవాళ్ళకు నిద్ర లేకపోవటం వింతగా కనిపిస్తుంది. కారణం నిద్ర తక్కువ కావటం కాదు, అది ముక్కలుముక్కలుగా రావటం. రెండు గంటలు, మూడు గంటలు, ఎప్పుడన్నా నాలుగు. ఆ ముక్కలు పగలనక రాత్రనక ఇరవైనాలుగు గంటల పొడవునా పరుచుకొని వుంటాయి. పసిబిడ్డ పొట్ట చిన్నది, చనుబాలు త్వరగా అరిగిపోతాయి; ఆ ఆకలికి పొద్దుతో పని లేదు. ఇది ఒక కారణం.

రెండో కారణం ఇంతకంటె లోతైనది. మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ళనుంచీ వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, ఒక చిన్న కణాల గుంపు వుంది. శరీరానికంతటికీ అదే పెద్ద గడియారం. కంటినుంచి వెలుతురు కబురు అందుకొని, ఇది పగలు, ఇది రాత్రి అని తక్కిన శరీరానికి చెప్పేది అదే. చీకటిపడ్డాక మెలటొనిన్ అనే స్రావం వూరటం దాని ఆజ్ఞమీద జరుగుతుంది. కడుపులో వున్న బిడ్డ ఈ స్రావాన్ని సొంతంగా తయారుచేసుకోనక్కరలేదు. తల్లి రక్తంలో వున్నదే మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి రాత్రే బిడ్డ రాత్రి. బొడ్డుకోయటంతో ఆ కబురు తెగిపోతుంది. బిడ్డలో మెలటొనిన్ రాత్రి ఎక్కువగానూ పగలు తక్కువగానూ వూరే క్రమం ఏర్పడటానికి రెండుమూడు నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో బిడ్డకు సొంత రాత్రి అంటూ లేదు. తనకు లేని రాత్రిని బిడ్డ పాడుచేస్తున్నదని విసుక్కోవటం అర్థంలేని పని.

నిద్ర లోపలి తీరు కూడా వేరు. చికాగో విశ్వవిద్యాలయంలో నథానియల్ క్లైట్‌మన్ తన విద్యార్థి యూజీన్ ఎసరిన్‌స్కీని మొదట కూచోబెట్టింది నిద్రపోతున్న పసిపిల్లల కళ్ళు చూడటానికే. మూసిన రెప్పల కింద కళ్ళు కొంతసేపు కదలటం, కొంతసేపు ఆగటం అతను గమనించాడు. ఆ వుయ్యాలల దగ్గర మొదలైన పరిశీలనే పెద్దవాళ్ళ నిద్రమీదికి మళ్ళి, కనుగుడ్లు వేగంగా కదిలే ప్రత్యేకమైన నిద్ర ఒకటి వున్నదని 1953లో లోకానికి చెప్పింది. పెద్దవాళ్ళ నిద్రలో ఇది నాలుగోవంతుకు మించదు. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో ఇది సగం. ఎదిగే మెదడుకు లోపలినుంచే కసరత్తు అందించటం ఈ నిద్ర చేసే పని కావచ్చునని 1966లో రాఫ్‌వార్గ్, ముజియో, డిమెంట్ అనే ముగ్గురు ప్రతిపాదించారు. పెద్దవాళ్ళకు ఒక నిద్రచక్రం తిరగటానికి గంటన్నర పడితే బిడ్డకు గంట లోపే పడుతుంది. ప్రతి చక్రం చివరా నిద్ర పలచబడి మెలకువ అంచుదాకా వస్తుంది. బిడ్డ తరచు లేవటం రోగమూ కాదు, పెంకితనమూ కాదు. ఆ మెదడు అప్పటికి అలా వుంటుంది, అంతే.

అదే 1953లో క్లైట్‌మన్, ఎంగెల్‌మన్ కలిసి 19 మంది శిశువుల నిద్రను మూడోవారంనుంచి ఇరవైయారో వారందాకా లెక్కకట్టి ప్రచురించారు. మొత్తం నిద్ర పెద్దగా తగ్గదు. అది మెల్లమెల్లగా పగటినుంచి రాత్రికి జరుగుతుంది. వాళ్ళు గీసిన పటాల్లో ఒక బిడ్డది ప్రసిద్ధమైంది. కొన్ని వారాలపాటు ఆ బిడ్డ రోజు ఇరవైనాలుగు గంటలకంటె కాస్త పొడుగ్గా సాగి, నిద్రవేళ రోజురోజుకూ ఆలస్యమవుతూ పోయి, చివరికి సూర్యుడితో కలిసింది. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనూ గళ్ళకాయితంమీద అటువంటిది గీశాను. నిద్రపోయిన గళ్ళను పెన్సిలుతో నింపటం, మేలుకున్నవి వదిలెయ్యటం. మొదట్లో అది చెదలు తిన్న తాటాకులా వుంది. పదోవారం దాటాక నలుపంతా ఒకపక్కకు చేరటం కనబడింది. మా అమ్మ ఆ కాయితం చూసి నవ్వింది. "నువ్వు నడుస్తుంటే కడుపులో వూగి నిద్రపోయింది, నువ్వు పడుకుంటే లేచి ఆడుకుంది. ఆ అలవాటు పోవద్దుటే? మూడోనెల వెళ్ళనీ" అంది. కారణం చెప్పటంలో తేడా వున్నా, గడువు చెప్పటంలో అమ్మ మాట శాస్త్రానికి దగ్గరగానే వుంది.

ఇంతవరకూ విని ప్రకృతివాదులు సంతోషించవచ్చు. కాయ పండేదాకా ఆగటమే కదా అనవచ్చు. సంగతి అంత సులభం కాదు. బిడ్డ గడియారాన్ని సరిదిద్దేది పగటి వెలుతురు. బిడ్డ తనంతట తాను వాకిట్లోకి పోలేదు, ఎవరో ఎత్తుకుపోవాలి. బ్రిటన్‌లో జరిగి 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆరు వారాల వయస్సుకు రాత్రిళ్ళు బాగా నిద్రపోతున్న శిశువులకు మధ్యాహ్నంవేళ వెలుతురు ఎక్కువ తగిలినట్టు తేలింది. రాత్రి చనుబాలల్లో మెలటొనిన్ వుంటుంది, పగటి పాలల్లో అది లెక్కకు రానంత. తల్లి అర్ధరాత్రి లేచి ఇచ్చే పాలల్లో, ఇది రాత్రి అనే కబురు కూడా కలిసి వుందన్నమాట. బొడ్డుతాడు తెగినా ఆ సంబంధం పూర్తిగా తెగలేదు. ఇంట్లో దీపాలు ఎప్పుడారతాయి, ఇంటికి వాకిలంటూ వుందా, ఎత్తుకునే చేతులు ఖాళీగా వున్నాయా అనే విషయాలన్నీ బిడ్డ నిద్రలో చేరతాయి. పరిపక్వత శరీరానిదే, అయితే ఆ శరీరం మొదటినుంచీ ఇంకొకరి శ్రమలో వుంది.

అందుకే ఒకే వయస్సు బిడ్డలు అన్నిచోట్లా ఒకేలా నిద్రపోరు. చార్లెస్ సూపర్, సారా హార్క్‌నెస్ అనే పరిశోధకులు కెన్యాలోని కోక్‌వెట్ అనే పల్లెలో కిప్సిగిస్ శిశువులను లాస్ ఏంజలస్ శిశువులతో పోల్చి 1980ల మొదట్లో ప్రచురించారు. నాలుగోనెలకు అమెరికా బిడ్డలు రాత్రి ఎనిమిది గంటలదాకా ఏకధాటిగా నిద్రపోతూంటే కోక్‌వెట్ బిడ్డలు అందులో సగం కంటె కాస్త ఎక్కువసేపు మాత్రమే నిద్రపోతున్నారు. వాళ్ళు తల్లి పక్కలో పడుకొని, లేచి పాలుతాగి, మళ్ళీ పడుకుంటారు. పగలు మోసేవాళ్ళ వీపులమీద కునుకు తీస్తారు. అక్కడ అదొక సమస్యగా ఎవరికీ తోచలేదు. మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసులో వుండాలన్న నియమం వాళ్ళకు లేదు మరి. మన వర్గాల్లో 'నిద్ర సమస్య' అని దేన్ని అంటున్నామో అది బిడ్డలో ఎంత వుంది, పొద్దుటి గంటలో ఎంత వుంది అన్నది విడదీసి చూడవలసిన విషయం.

'రాత్రంతా నిద్రపోవటం' అనే మాటకు కూడా ఒక చిన్న చరిత్ర వుంది. 1957లో మూర్, అకో అనే ఇద్దరు లండన్ శిశువులమీద ప్రచురించిన పరిశీలనలో ఆ మాటకు అర్థం అర్ధరాత్రినుంచి తెల్లవారుజామున ఐదుదాకా మేలుకొని ఏడవకపోవటం. అంటే ఐదు గంటలు. ఆ లెక్కన మూడునెలలకు నూటికి 70 మంది కుదుటబడ్డారని వారు రాశారు. ఆ 70 తరవాతి పుస్తకాల్లోకీ, పుస్తకాలనుంచి తల్లుల మనస్సుల్లోకీ వెళ్ళింది. ఐదు గంటలన్న నిర్వచనం దారిలో జారిపోయింది. కెనడా పరిశోధకులు 2018లో ప్రచురించిన లెక్కలో ఆరునెలల బిడ్డల్లో నూటికి 38 మంది వరసగా ఆరు గంటలు నిద్రపోవటం లేదు. ఏడాది నిండినా 28 మంది అంతే. ఆ బిడ్డల ఎదుగుదలలోగాని, తల్లుల మానసికస్థితిలోగాని ఇందువల్ల తేడా కనబడలేదని కూడా వారన్నారు. ఇది మంచి కబురే. కాని అక్కడి తల్లులకు దరిదాపు ఏడాది సెలవు దొరికే వీలుందన్న సంగతి మరిచిపోయి ఈ కబురును మన దేశానికి తెచ్చుకోకూడదు.

యంత్రాల యుగం మొదటినుంచీ పెట్టుబడికి నిద్రపోయే బిడ్డ కావాలి. తల్లి మిల్లులో వుంటే బిడ్డ లేవకూడదు. ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల గురించి 1845లో రాసిన పుస్తకంలో ఎంగెల్స్ 'గాడ్‌ఫ్రే కార్డియల్' అనే మందును పేరుపెట్టి చెప్పాడు. అందులో వుండేది నల్లమందు. ఫ్యాక్టరీ జిల్లాల్లో శిశువులకు నల్లమందు పట్టటం గురించి మార్క్స్ 1867లో పెట్టుబడి మొదటి సంపుటంలో మళ్ళీ రాశాడు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డలకు నల్లమందు మాత్రలు మింగించి పనికి పోయేవారని 1920లలో జరిగిన విచారణలు నమోదు చేశాయి. ఆ తల్లులను తిట్టిన పెద్దమనుషులు చాలామంది వుండే వుంటారు. మిల్లు కూత వినబడేసరికి బిడ్డ ఏడుపు ఆగాలి, ఆపే చెయ్యి ఇంట్లో లేదు, మాత్ర చవక. పాపం ఎవరిది? (మన ఇళ్ళలో ఇప్పటికీ కడుపునొప్పికి పట్టే గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది, మొదట్లో అందులో ఆల్కహాలుండేది. బిడ్డ 'హాయిగా' పడుకోవటంలో ఆశ్చర్యమేముంది!)

నల్లమందు పోయి గడియారం వచ్చింది. అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ 1894లోనూ, న్యూజీలండ్‌లో ట్రూబీ కింగ్ 1907 తరవాతా, మళ్ళీ అమెరికాలో జాన్ వాట్సన్ 1928లోనూ బిడ్డను గంటల ప్రకారం పెంచాలని బోధించారు. ట్రూబీ కింగ్ పద్ధతిలో నాలుగేసి గంటలకొకసారి పాలు, రాత్రి అసలే లేవు. ఈయన అంతకు ముందు దూడల మేపుమీద కూడా శ్రద్ధగా పరిశోధన చేసినవాడు. వాట్సన్ అయితే పిల్లలను ముద్దుపెట్టుకోవటం కూడా తగ్గించమన్నాడు. వీళ్ళంతా దుర్మార్గులని నేననను. శిశుమరణాలు తగ్గాలని నిజంగా కోరుకున్నవాళ్ళు వారిలో వున్నారు. అయితే ఫ్యాక్టరీ మనిషికి నేర్పిన కాలశిక్షణను వుయ్యాలలోకి తేవటం వాళ్ళకు సహజంగా తోచింది. ఆ కాలశిక్షణ చరిత్రను 1967లో ఇ.పి. థామ్సన్ గొప్పగా రాశాడు. ఆ వ్యాసంలో పసిపిల్లల తల్లి గడియారానికి పూర్తిగా లొంగదని ఒకచోట అంటాడు. అని ముందుకు సాగిపోతాడు. నాకది సరిపోలేదు. ఈనాటి తల్లి గడియారం బయట లేదు. రాత్రి బిడ్డ కాలంలోనూ పగలు యజమాని కాలంలోనూ వుంటుంది. రెండు కాలాలూ ఒకే ఒంటిమీద నడుస్తాయి.

1946లో స్పాక్ తల్లులకు ధైర్యం చెప్పాడు. 1985లో ఫెర్బర్ కొంచెం కొంచెం వ్యవధితో వెళ్ళి ఓదారుస్తూ బిడ్డకు ఒంటరిగా నిద్రపోవటం అలవాటుచేసే పద్ధతి రాశాడు. ఈ పద్ధతిని గురించి కొందరు క్రూరమంటారు, కొందరు దివ్యమంటారు. ఏడెనిమిది నెలల వయస్సులో ఇటువంటి శిక్షణ పొందిన బిడ్డలను ఆరేళ్ళప్పుడు పరీక్షించి, శాశ్వతమైన కీడూ లేదు, శాశ్వతమైన మేలూ లేదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో ప్రకటించారు. ఆ పద్ధతి పాటించిన తల్లిని బోనెక్కించే హక్కు ఎవరికీ లేదనే నా అభిప్రాయం. కాని మొదటి మూడునెలల్లో, గడియారమే లేని శరీరానికి 'అలవాట్లు' నేర్పుతామనటం మూఢత్వం. ఆ పుస్తకాలన్నీ బిడ్డను ఎలా మార్చాలనే అడుగుతాయి. ఇంట్లో ఇంకెవరు లేవాలి అన్న ప్రశ్న వాటిలో అరుదు.

దీనికి ఎదురుగా మన సంప్రదాయం నిలబడి, మా తల్లులు గడియారం చూడలేదు, బిడ్డను దేవుడిగా చూశారంటుంది. నిజమే. మన జోలపాటల్లో దేవుళ్ళు పడుకుంటారు. అన్నమాచార్యుడు బాలకృష్ణుడికి జోల పాడాడు. అది ఈనాటికీ తెలుగు ఇళ్ళలో వుయ్యాలల దగ్గర వినిపిస్తుంది. అందమైన భావనే. అయితే దేవుడికి సేవచేసేవాళ్ళకు అలసిపోయామని చెప్పుకునే హక్కు వుండదు. ఆ అలసట అపచారమవుతుంది. అభ్యుదయ కవుల్లో సైతం తల్లి అనగానే రాత్రంతా కూచున్న మూర్తిని నిలబెట్టి నమస్కారం పెట్టి వచ్చినవాళ్ళున్నారు. నమస్కారం పెట్టినవారు తరవాత పడుకొని వుంటారు.

మన స్త్రీల పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఒకటి వుంది. లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్ళు కన్నుమూయకుండా అన్నావదినలకు కాపలా కాస్తే, అతని వంతు నిద్ర కూడా అయోధ్యలో ఊర్మిళ పడుకున్నదని మన జనశ్రుతి. క్లాసులో ఇది చెప్పేటప్పుడు విద్యార్థులు నవ్వుతారు. నాకు మాత్రం ఆ కల్పనలో పెద్ద లెక్క కనిపిస్తుంది. ఒకరు మేలుకుంటే ఆ నిద్ర గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరి పేరున జమపడుతుంది. నిద్ర ఇద్దరి మధ్య చేతులు మారే వస్తువని ఆ పాట పాడుకున్న ఆడవాళ్ళకు తెలుసు. తెలియకుండా ఎలా వుంటుంది? కాని ఇంకో సంగతి చూడండి. లక్ష్మణుడి జాగరణ వీరధర్మమై పురాణానికెక్కింది. శివరాత్రినాడు ఒక్కరాత్రి మేలుకున్నవాడికి పుణ్యం వస్తుంది, కబుర్లు చెప్పుకుంటూ మేలుకున్నా సరే. మూడువందల రాత్రులు ముక్కలుముక్కలుగా మేలుకున్న బాలింతకు ఏదీ జమకాదు. అది ఆమె స్వభావమంటారు. స్వభావమన్నాక ఇక లెక్క ఎందుకు?

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చెహోవ్ 1888లో ఒక చిన్న కథలో చెప్పాడు. వార్కా అనే పదమూడేళ్ళ పిల్ల చెప్పులు కుట్టేవాడి ఇంట్లో పనికత్తె. రాత్రంతా యజమాని బిడ్డను వుయ్యాల వూపాలి. తెల్లవారితే పొయ్యి వెలిగించటం, మెట్లు కడగటం, బంగాళాదుంపలు ఒలవటం, అతిథులకు టీ అందించటం. మళ్ళీ రాత్రి, మళ్ళీ వుయ్యాల. నిద్ర ముంచుకొస్తూ వుంటుంది; కునికితే దెబ్బలు. తనను బతకనివ్వని శత్రువెవరో తెలుసుకోవాలని ఆ పిల్ల మసకబారిన బుద్ధితో వెతుకుతుంది. చివరికి దొరుకుతాడు: వుయ్యాలలో వున్న బిడ్డ. బిడ్డను చంపి, ఇక నిద్రపోవచ్చుననే ఆనందంతో నేలమీద వాలి నిద్రపోతుంది.

ఈ కథను కరుణరసానికి ఉదాహరణగా చెప్పి వదిలెయ్యటం నాకు నచ్చదు. అది తెలివికి సంబంధించిన కథ. వార్కాకు శత్రువు వున్నమాట నిజం, శత్రువును గుర్తించటంలోనే పొరపాటు జరిగింది. అలసట మనిషి చూపును ఎంత దగ్గరికి కుదించివేస్తుందంటే, కంటికెదురుగా ఏడుస్తున్న ప్రాణి తప్ప, తన ఇరవైనాలుగు గంటలూ కొనుక్కున్న యజమాని కనబడడు. మర్యాదగల ఇళ్ళలో హత్యలు జరగవు. కాని 'ఈ పిల్ల నన్ను చంపుకుతింటోంది' అనే మాట ఏ ఇంట్లో వినబడదు? ఆ మాటలో వార్కా పొరపాటే వుంది. 'మంచి బిడ్డ, రాత్రంతా పడుకుంటుంది' అనే మెచ్చుకోలులోనూ అదే వుంది. మూడునెలల ప్రాణికి మంచీచెడ్డా అంటగట్టి, దాని శరీరం పండే తీరును దాని శీలంగా లెక్కపెట్టటం అది.

బూర్జువా నీతిశాస్త్రానికి పసిబిడ్డ ఎప్పుడూ ఇబ్బందే. ఇద్దరు స్వతంత్రులు ఎదురెదురుగా నిలబడి, నువ్వు నాకిది చెయ్యి, నేను నీకిది చేస్తానని ఒప్పుకోవటంనుంచి సమాజం పుట్టిందని హాబ్స్‌నుంచీ చెబుతున్నారు. బిడ్డ ఏ ఒప్పందం చెయ్యలేదు, దేనికీ మాట ఇవ్వలేదు, తిరిగి ఇచ్చే స్థితిలో లేదు. అయినా రెండు గంటలకొకసారి దాని హక్కు చెల్లుతూనే వుంది. ఎవరు చెల్లిస్తున్నారు? ఒప్పంద సిద్ధాంతం తలుపు మూసుకొని ఆ ఖర్చును ఇంటిలోపల తల్లి మీద రాసింది. ఒప్పందం చేసుకుంటున్న ఆ స్వతంత్రులిద్దరూ ఒకప్పుడు ఎవరినో నిద్రలేపినవాళ్ళేనన్న సంగతి ఆ సిద్ధాంతంలో కనబడదు. బిడ్డ హక్కును తిరస్కరించలేం, అది శరీరంలోనుంచి వచ్చింది. కాని ఆ హక్కు ఒక మనిషి మీదనే వుండాలని ఏ శరీరశాస్త్రమూ చెప్పలేదు. పాలు తల్లివే, సరే. పాలు తాగాక తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవటానికీ, తడిగుడ్డ మార్చటానికీ, మళ్ళీ నిద్రపట్టేదాకా వుయ్యాల వూపటానికీ ఏ స్రావం కావాలి?

ఇక్కడ మన వుద్యమచరిత్ర గుర్తుచేసుకోవటం మంచిది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అనే కోరిక రాబర్ట్ ఓవెన్ కాలంనాటిది. దానికోసం 1886 మేనెలలో చికాగో కార్మికులు రక్తం ధారపోశారు. క్లైట్‌మన్ శిశువుల నిద్రను పటాలు గీసింది అదే నగరంలో, 67 ఏళ్ళ తరవాత. ఆ రెండు విషయాలనూ కలిపి చదివే అలవాటు మనకు లేదు. చంటిబిడ్డ తల్లి విషయంలో మూడో ఎనిమిది గంటలు ఇంకా సాధించబడలేదు. మేడే సభలో మనం చెప్పే విజయగాథలో ఆ సంగతి ఎన్నడూ వినలేదు.

నాట్లకు పోయే తల్లిని తీసుకోండి. గట్టుమీద చెట్టుకొమ్మకు పాతచీర వుయ్యాల కట్టి బిడ్డను పడుకోబెడుతుంది. నగరంలో మూసిన కిటికీల ఫ్లాట్‌లో పెరిగే బిడ్డతో పోలిస్తే ఆ బిడ్డకు వెలుతురు కొరత లేదు. గడియారం కుదరటానికి శాస్త్రం కోరేది దానికి పుష్కలంగానే వుంది. దీన్ని చూసి పల్లె జీవితం స్వర్గమని వ్యాసాలు రాసేవాళ్ళున్నారు. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అని డాక్టర్లు బాలింతలకు చెబుతారు. వుయ్యాలలో బిడ్డ పడుకున్నప్పుడు ఆ తల్లి మోకాటిలోతు బురదలో వంగి వుంది. నగరంలో ఇంకో విచిత్రం. డబ్బున్నవాళ్ళు రాత్రివేళకు ఆయాను పెట్టుకుంటున్నారు. ఆ ఆయాకు ఇంటిదగ్గర చంటిబిడ్డ వుంటే ఆ బిడ్డ దగ్గర ఎనిమిదేళ్ళ అక్క మేలుకుంటుంది. ఊర్మిళ లెక్క ఇక్కడ తలకిందులుగా నడుస్తుంది: నిద్ర కింది ఇళ్ళనుంచి పై ఇళ్ళకు పోయి జమపడుతుంది.

చట్టం కొంత చేసింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 12 వారాలనుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది పనిచేసేచోట శిశుసంరక్షణ గది వుండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసుకోవచ్చుననీ చేర్చారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా వీటిని నిలిపింది. నాట్లువేసే తల్లికి ఈ 26 వారాలు అందవు. ఆమెకు 2013 ఆహారభద్రతా చట్టం 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం అన్నది. 2017లో వచ్చిన కేంద్రపథకం మొదటి బిడ్డకు 5,000 రూపాయలిచ్చింది. తండ్రి సంగతి 2020 స్మృతిలో లేదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. బిడ్డ గడియారం కుదరటానికి పది పన్నెండు వారాలు పడుతుందని పైన చెప్పుకున్నాం. పదిహేనురోజుల్లో బారసాల పనులే తెమలవు.

నాకు తెలిసిన ఒక అధ్యాపకురాలు కాంట్రాక్టు పద్ధతిమీద ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేది. ప్రసవమైన ఏడోవారానికి క్లాసులో నిలబడింది, లేకపోతే ఆ స్థానంలో ఇంకొకరిని వేసుకుంటామన్నారు. ఆ నెలల్లో తను ఏం పాఠాలు చెప్పిందో ఒక్కటీ గుర్తులేదని నాతో అంది. విద్యార్థులు మంచివాళ్ళు, ఫిర్యాదు చెయ్యలేదట.

మా అధ్యాపక సంఘం కిందటి సమావేశంలో డిమాండ్ల పత్రం తయారవుతున్నప్పుడు నేను మూడు అంశాలు చేర్చమన్నాను. కాంట్రాక్టు అధ్యాపకురాళ్ళకు కూడా పూర్తి 26 వారాల సెలవు. తండ్రులకు పన్నెండు వారాలు. సెలవునుంచి తిరిగివచ్చిన తల్లికి బిడ్డ ఏడాది నిండేదాకా మొదటి పీరియడ్ వెయ్యకపోవటం. మొదటిదానికి అందరూ చేతులెత్తారు. రెండోది చదివినప్పుడు వెనక వరసలో ఎవరో నవ్వారు. పన్నెండు వారాలు ఇంట్లో కూచొని మొగవాడు ఏం చేస్తాడని ఒకరు అడిగారు, వెక్కిరింతకు కాదు, నిజంగానే తెలియక అడిగారు. గళ్ళకాయితం సంచీలోనే వుంది, తీసి ఆయనకు చూపించాను. పదోవారందాకా ఆ నలుపు చుక్కలు ఎలా చెదిరి వున్నాయో ఆయన చాలాసేపు చూశారు. రెండూ మూడూ అంశాలను వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.